ఊపిరికి ఒక అంకె చాలునా? — రాక్స్ సూచికపై విమర్శ

చెన్నపట్టణము నుండి ఉత్తరముగా నెల్లూరికి పోవు జాతీయ రహదారిపై, ఆంధ్రదేశములో ప్రవేశింపగనే వచ్చు ఊళ్లలో తడ ఒకటి. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో నుండి, పిమ్మట తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరికి తూర్పున పులికాటు సరస్సు, దానికి ఆవల శ్రీహరికోట కలవు. సున్నకు దిగువన 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ద్రవముగా మారు ప్రాణవాయువును శ్రీహరికోటలో రాకెట్ల క్రయోజెనిక్ దశలలో టన్నుల కొలది నింపుదురు. సరస్సుకు ఈవలి ఒడ్డున ఒక రోగికి ఊపిరి అందక పెద్ద ఆసుపత్రికి తరలింపవలసి వచ్చినచో, ఆంబులెన్సులోని ఒకటి రెండు సిలిండర్లే ఆధారము. నెల్లూరు, తిరుపతి, చెన్నపట్టణము - ఏ దిక్కునకు పోయినను గంటకు పైబడిన ప్రయాణమే.

ఇట్టి చోట వైద్యునికి ఎదురగు ప్రశ్న చిన్నదివలె కనబడును. ఈ రోగికి ముక్కు ద్వారా ఇచ్చుచున్న ప్రాణవాయువు చాలునా? చాలనిచో ఆ సంగతి ఎంత ముందుగా తెలియును? 2016లో స్పెయిన్ దేశములోని బార్సిలోనా నగరమున ఓరియోల్ రోకా అను వైద్యుడును, ఆయన సహచరులును ఈ ప్రశ్నకు ఒక అంకెను సమాధానముగా ప్రతిపాదించిరి. దానికి రాక్స్ సూచిక అని పేరు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు ఈ సూచిక అనేక దేశముల ఆసుపత్రులకు ప్రాకెను. ఈ అంకె ఎంతవరకు నమ్మదగినది, ఎక్కడ నమ్మరానిది అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. లెక్క హైస్కూలు విద్యార్థికి కూడ సులభమైనదే. దాని వెనుకనున్న తర్కము మాత్రము కొంత ఓపికను కోరును.

శ్వాస వైఫల్యమనగా నేమి?

ఊపిరితిత్తులు రెండు పనులు చేయును. గాలిలోని ప్రాణవాయువును రక్తమునకు అందించుట మొదటిది. రక్తములోని బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుట రెండవది. ఈ రెంటిలో ఏది చెడినను శ్వాస వైఫల్యము అందురు. ధమని రక్తములో ప్రాణవాయువు పీడనము 60 మిల్లీమీటర్ల పాదరసమునకు తగ్గినచో మొదటి రకము. బొగ్గుపులుసు వాయువు పీడనము 45 మిల్లీమీటర్లకు మించినచో రెండవ రకము. న్యుమోనియాలో వాయుకోశములు ద్రవముతో నిండుటచేత సామాన్యముగా మొదటి రకము కలుగును. చిరకాలపు పొగపీల్పు అలవాటుచే గొట్టములు బిగిసిన రోగులలో రెండవ రకము తరచు కనబడును.

ఒక్కొక్కసారి పరీక్షకు రక్తము తీయుట కష్టము కనుక వైద్యులు వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరుపై ఆధారపడుదురు. జపాను ఇంజనీరు తకువో అయోయాగి 1970 తరువాతి తొలి సంవత్సరములలో కనిపెట్టిన సూత్రముపై ఇది పనిచేయును. ఎరుపు కాంతి, పరారుణ కాంతి రెండును వ్రేలి గుండా పోవునపుడు, ప్రాణవాయువు గల హీమోగ్లోబిన్ ఒక రీతిగాను, లేనిది వేరొక రీతిగాను కాంతిని పీల్చుకొనును. ఆ భేదమును బట్టి హీమోగ్లోబిన్‌లో ఎంత శాతము ప్రాణవాయువును మోయుచున్నదో యంత్రము లెక్కగట్టును. ఆంధ్రప్రదేశములో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరిలో నిర్ధారణ యయ్యెను. ఆ తరువాత ఏడాది గడచునప్పటికి ఈ చిన్న యంత్రము మధ్యతరగతి ఇండ్లలో జ్వరపు థర్మామీటరు ప్రక్కన చేరెను. 94 అను అంకె పల్లెలలో కూడ అందరి నోళ్లలో నానెను.

చికిత్సలో నూతన సాధనము అధికప్రవాహ పద్ధతి. ఆసుపత్రులలో దీనిని హైఫ్లో అందురు. సామాన్యమైన ముసుగు ద్వారా నిముషమునకు 5 మొదలు 15 లీటర్ల ప్రాణవాయువును ఇత్తురు. హైఫ్లో యంత్రము గాలిని, ప్రాణవాయువును కలిపి, శరీరపు వేడికి వెచ్చజేసి, తేమ పట్టించి, ముక్కులోనికి నిముషమునకు 60 లీటర్ల వరకు పంపగలదు. 2015లో ఫ్రాన్సు, బెల్జియము దేశములలో 310 మంది రోగులపై జరిగిన ఒక పెద్ద పరీక్షలో, శ్వాసనాళములో గొట్టము వేయవలసిన అవసరము హైఫ్లో పొందినవారిలో 38 శాతమునకు, సాధారణ ప్రాణవాయువు పొందినవారిలో 47 శాతమునకు, ముసుగుతో బలవంతపు గాలి పొందినవారిలో 50 శాతమునకు కలిగెను. ఈ భేదము యాదృచ్ఛికమై యుండవచ్చునని గణితము తేల్చినది. కాని 90 దినములలోపల మరణించినవారి సంఖ్య హైఫ్లో వర్గములో స్పష్టముగా తక్కువగా నుండెను.

ముందుగా తెలియుట ఎందుకు?

హైఫ్లో మంచి సాధనము. ఐనను దానిలో ఒక ప్రమాదము దాగియున్నది. రోగికి అది హాయిగా నుండును; మాటలాడగలడు, తినగలడు. అందుచేత వైద్యుడు కూడ మరికొంతసేపు వేచి చూతమనుకొనును. 2015లో కొరియా దేశమునుండి ప్రకటింపబడిన పరిశీలన ఒకటి ఇందులకు హెచ్చరిక. హైఫ్లో ఫలింపక గొట్టము వేయించుకొనిన 175 మందిలో, 48 గంటలలోపు వేయించుకొనినవారు 39 శాతము మరణింపగా, 48 గంటలు దాటిన పిదప వేయించుకొనినవారిలో దాదాపు 67 శాతము మరణించిరి.

ఇచ్చట విద్యార్థి తొందరపడి ఒక నిర్ణయమునకు రాకూడదు. ఆలస్యమే మరణమునకు కారణమని ఈ అంకెలు నిరూపింపవు. వ్యాధి తీరు వేరైనవారే ఆలస్యముగా విఫలమై యుండవచ్చును. ఎవరికి ఎప్పుడు గొట్టము వేయవలెనో చీట్లు తీసి నిర్ణయించిన పరీక్ష కాదిది. జరిగినదానిని వెనుదిరిగి చూచిన లెక్క. ఐనను వృథాగా వేచియుండుట మేలు చేయదనుటకు ఇది చాలినంత సూచన. వేచియుండుటకు హద్దు గీయవలసిన అవసరము నుండియే రాక్స్ సూచిక పుట్టినది.

సూచిక లెక్క

ఈ సూచికకు మూడు అంకెలు చాలును. రక్తములోని ప్రాణవాయు సంతృప్తి శాతము ఒకటి. పీల్చు గాలిలో ప్రాణవాయువు భాగము రెండవది. నిముషమునకు ఊపిరి సంఖ్య మూడవది. మొదటిదానిని రెండవదానిచే భాగించి, వచ్చిన ఫలమును మూడవదానిచే భాగింపవలెను. ఒక రోగికి 60 శాతము ప్రాణవాయువు ఇచ్చుచుండగా సంతృప్తి 96, ఊపిరి 25 అనుకొందురు గాక. 96ను 0.6చే భాగించిన 160; దానిని 25చే భాగించిన 6.4. మరొక రోగికి 90 శాతము ఇచ్చినను సంతృప్తి 92 మాత్రమే యుండి, ఊపిరి 32 ఐనచో, సూచిక సుమారు 3.2.

అంకె పెద్దదైనకొలది మేలు. 2016 నాటి మొదటి పరిశీలనలో 157 మంది న్యుమోనియా రోగులు కలరు. 2019లో మరియొక 191 మందిపై దీనిని సరిచూచిరి. వారిలో 68 మందికి, అనగా నూటికి సుమారు 36 మందికి, గొట్టము వేయవలసివచ్చెను. చికిత్స ప్రారంభించిన 2, 6, 12 గంటలకు సూచిక 4.88 గాని అంతకు మించి గాని యున్నచో చికిత్స ఫలించు అవకాశము హెచ్చని తేల్చిరి. 2 గంటలకు 2.85, 6 గంటలకు 3.47, 12 గంటలకు 3.85 - ఈ మెట్లకు దిగినచో విఫలమగు అవకాశము హెచ్చని చెప్పిరి. రెండు మెట్ల నడుమ నున్నవారిని గూర్చి సూచిక ఏమియు నిశ్చయింపదు. మరల పరీక్షించుమని మాత్రమే చెప్పును.

గుణములు

ఈ సూచికలో మెచ్చదగినవి మూడు కలవు. మొదటిది, దీనికి రక్తపరీక్షగాని ఖరీదైన యంత్రముగాని అక్కరలేదు. రెండవది, ఇది సంతృప్తిని ఒంటరిగా చూడదు. 94 శాతము అను అంకె గది గాలిలో వచ్చినదా, 80 శాతము ప్రాణవాయువు ఇచ్చిన తరువాత వచ్చినదా అని సూచిక అడుగును. 2021లో ఇండ్లలో జనులు చేసిన పొరపాటు ఇదియే. సిలిండరు పెట్టిన తరువాత అంకె 95కు చేరగనే గండము గడచినదని తలచిరి; దానికొరకు రోగి ఊపిరితిత్తులు ఎంత పాటుపడుచున్నవో లెక్కింపలేదు. మూడవది, ఊపిరి సంఖ్యకు దీనిలో తగిన స్థానము దొరికినది. ఆసుపత్రి కాగితములపై అత్యంత నిర్లక్ష్యముగా వ్రాయబడు అంకె ఇదియే. ఈ సూచికను వాడువాడు దానిని లెక్కింపక తప్పదు.

ఇంతవరకు సూచిక పక్షము. ఇక దాని లోపములను చూడవలెను.

కొలతలోని లోపము

హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొను తీరును గీతగా గీసినచో అది కొండవాలువలె లేచి, పైకి పోవుకొలది బల్లపరుపుగా మారును. సంతృప్తి 90 శాతము దాటిన తరువాత, రక్తములో ప్రాణవాయు పీడనము ఎంత పెరిగినను శాతము కొంచెమే పెరుగును. ఈ గుణము వలన ఒక చిక్కు కలుగుచున్నది. 80 శాతము ప్రాణవాయువుపై సంతృప్తి 98, ఊపిరి 28 గల రోగిని ఊహించుడు. అతని సూచిక 4.4 మాత్రమే; అనగా 4.88 మెట్టుకు దిగువ. నర్సు యంత్రపు మీటను త్రిప్పి ప్రాణవాయువును 60 శాతమునకు తగ్గించగా, సంతృప్తి 95కు దిగెననుకొందురు గాక. ఊపిరి మారలేదు. ఇప్పుడు సూచిక 5.6కు పైగా నుండును. అనగా మెట్టుకు ఎగువ. రోగి మారలేదు, ఊపిరితిత్తులు మారలేదు; మీట మారినది. కనుక అవసరమునకు మించి ప్రాణవాయువు ఇచ్చుచు లెక్కించిన సూచిక రోగి స్థితిని తక్కువ చేసి చూపును. ఒక ఆసుపత్రి సూచికను మరొక ఆసుపత్రి సూచికతో పోల్చునపుడు రెండు చోట్లను ఏ సంతృప్తి లక్ష్యముగా మీట త్రిప్పిరో తెలిసికొననిదే ఆ పోలిక నిలువదు.

వ్రేలి యంత్రములో ఇంకొక సంశయము కలదు. 2020 డిసెంబరులో అమెరికా నుండి వెలువడిన ఒక పరిశీలనలో, యంత్రము 92 మొదలు 96 శాతము వరకు చూపుచుండగా ధమని రక్తములో నిజమైన సంతృప్తి 88కి లోబడియుండుట నల్లజాతి రోగులలో 11.7 శాతము కొలతలయందు, తెల్లజాతి రోగులలో 3.6 శాతము కొలతలయందు కనబడెను. ఆ అంకెలను తెలుగువారికి యథాతథముగా అన్వయింపరాదు. ఆ పరిశీలన తెలుగువారిపై జరిగినది కాదు. కాని చామనచాయ మొదలు నలుపు వరకు మేనిఛాయలు గల దేశములో, ఈ అంకె నాలుగు పాయింట్లు హెచ్చుగా చూపినను ఆశ్చర్యపడనక్కరలేదను జాగ్రత్త మాత్రము వైద్యునికి ఉండదగినది. సూచికలో పైనున్న అంకె ఇదియే గనుక, దానిలోని తప్పు సూచికలోనికి నేరుగా దిగును.

ఊపిరి సంఖ్య మరింత బలహీనమైన కొలత. నిముషముసేపు నిలిచి లెక్కించుటకు బదులు 15 సెకండ్లు లెక్కించి నాలుగుచే హెచ్చవేయుట వాడుక. 15 సెకండ్లలో ఒక్క ఊపిరి హెచ్చుగా లెక్కించినచో నిముషమునకు నాలుగు హెచ్చినట్లగును. సంతృప్తిని ప్రాణవాయు భాగముచే భాగించగా 130 వచ్చిన రోగికి, ఊపిరి 24 ఐనచో సూచిక 5.4, 28 ఐనచో 4.6. ఒక్క ఊపిరి పొరపాటుతో రోగి గీతకు ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు వచ్చినాడు. ఇట్టి కొలతపై రెండు దశాంశ స్థానములతో 4.88 అని గీత గీయుట, కర్రతో బట్టను కొలిచి వెండ్రుకవాసి తేడాను గూర్చి వాదించుటవంటిది.

అలసిన రోగి

ఇంతకంటె పెద్ద లోపము సూత్రములోనే కలదు. భాగహారములో ఊపిరి సంఖ్య క్రింద నున్నది. కనుక ఊపిరి తగ్గినచో సూచిక పెరుగును. ఊపిరి తగ్గుటకు రెండు కారణములు ఉండవచ్చును: రోగి కుదుటపడుట ఒకటి, రోగి అలసిపోవుట వేరొకటి. 80 శాతము ప్రాణవాయువుపై సంతృప్తి 90, ఊపిరి 36 గల రోగికి సూచిక 3.1. కొన్ని గంటలు పెనుగులాడి అతని కండరములు అలసి, మగత క్రమ్మి, ఊపిరి 20కి పడిపోయెననుకొందురు గాక. సంతృప్తి ఇంకను 90గానే నిలిచియున్నచో సూచిక 5.6. కాగితముపై అతడు బాగుపడినాడు. మంచముపై అతడు చావుకు చేరువైనాడు.

ఈ పరిస్థితిలో పెరుగునది బొగ్గుపులుసు వాయువు. దానికి సూచికలో స్థానము లేదు. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో వ్యాధి ప్రబలినపుడు ఇట్టి పొరపాటే జరిగెను. రోగుల రక్తములో బైకార్బొనేటు హెచ్చుగా నుండుట చూచి, క్షారము పెరిగినదని వైద్యులు తలచిరి. ఊపిరి చాలక బొగ్గుపులుసు వాయువు నిలిచిపోవుటయే దానికి కారణమని బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు గ్రహించెను. వేయికి పైగా వైద్య విద్యార్థులు వంతులవారిగా కూర్చుండి, రబ్బరు సంచులను చేతితో నొక్కుచు రోగులకు ఊపిరి పోసిరి. మరణముల శాతము ఎంతయో తగ్గెను. 1960లో బ్రిటన్ వైద్యుడు మోరన్ కాంప్‌బెల్, చిరకాల శ్వాసరోగులకు ప్రాణవాయువును కొలిచి మాత్రమే ఇయ్యవలెనని బోధించి, అందుకొరకు ప్రత్యేకమైన ముసుగును వర్ణించెను. ప్రాణవాయువు చాలుట, ఊపిరి చాలుట - ఈ రెండును వేరని ఆ నాళ్లలోనే తేలిన సంగతి. రాక్స్ సూచిక మొదటిదానిని మాత్రమే చూచును. న్యుమోనియా రోగులకొరకు తయారైన కొలబద్దను ఉబ్బసమునకు, చిరకాల శ్వాసరోగమునకు పట్టించుట దానిని చేసినవారి ఉద్దేశము కాదు.

తర్కములోని లోపము

సూచిక ఏమి ముందుగా చెప్పుచున్నది? "చికిత్స విఫలమగుట" అనిన, ఆ పరిశీలనలలో, గొట్టము వేయుట యని అర్థము. గొట్టము వేయుటను నిర్ణయించువాడు వైద్యుడు. ఆయన ఏమి చూచి నిర్ణయించును? సంతృప్తి తగ్గుట, ఊపిరి హెచ్చుట, ప్రాణవాయువు ఎంత పెంచినను చాలకపోవుట. ఇవి సూచికలోని మూడు అంకెలే. కనుక సూచిక కొంతవరకు రోగి భవిష్యత్తును గాక, వైద్యుని అలవాటును ముందుగా చెప్పుచున్నది. ప్రశ్నపత్రము వ్రాసినవాడే జవాబులు దిద్దినట్లు ఇందులో ఒక చుట్టుబాటు కలదు. వెంటిలేటర్లు ఖాళీగా నున్న ఆసుపత్రిలో తొందరగా గొట్టము వేయుదురు. లేని ఆసుపత్రిలో వేయజాలరు. రెండు చోట్లను ఒకే రోగి ఒకచోట "విఫలుడు", మరొకచోట "సఫలుడు" కాగలడు.

మరియొక తర్కదోషము సూచికది కాదు, దానిని వాడువారిది. 2021లో కోవిడ్ రోగులపై జరిగిన 8 పరిశీలనలను, మొత్తము 1301 మంది రోగులను కలిపి చూచినపుడు, విఫలులగువారిలో సుమారు 70 శాతమును సూచిక పట్టగలిగెననియు, సఫలులగువారిలో సుమారు 79 శాతమును సరిగా వదలెననియు తేలెను. ఈ అంకెలు బాగుగనే యున్నవి. వీనిని రెండు ఊహా ఆసుపత్రులలో పరీక్షించి చూడవలెను.

మొదటి ఆసుపత్రిలో తీవ్రరోగులు 100 మంది. వారిలో 35 మంది విఫలులగువారు. సూచిక అందులో సుమారు 25 మందిని పట్టును, 10 మందిని వదలును. మిగిలిన 65 మంది సఫలులలో 14 మందిని పొరపాటున పట్టును. కనుక హెచ్చరిక పొందిన 39 మందిలో 25 మంది విషయములో హెచ్చరిక నిజము. రెండవ ఆసుపత్రి చిన్నది. అచ్చట స్వల్పరోగులకు కూడ ప్రాణవాయువు పెట్టుదురు. 100 మందిలో విఫలులగువారు 10 మంది మాత్రమే. సూచిక 7 మందిని పట్టును. సఫలులగు 90 మందిలో 19 మందిని పొరపాటున పట్టును. హెచ్చరిక పొందిన 26 మందిలో 7 మందికే అది నిజము. సూచిక మారలేదు, దానిని పట్టించిన జనము మారినది. పెద్ద నగరముల తీవ్ర చికిత్సా విభాగములలో సానబట్టిన కత్తిని పల్లె ఆసుపత్రికి తెచ్చునపుడు దాని పదును అదే విధముగా నుండదని ఈ సులభమైన లెక్క తెలుపుచున్నది. సంభావ్యతా గణితము బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె ఉపయోగకరమైన ఉదాహరణ దొరకుట అరుదు.

సిలిండరు లెక్క

ఇక తడ వంటి ఊళ్లకు వర్తించు లోపము. సూచికను 2, 6, 12 గంటలకు చూడుమనిరి. అంతవరకు ప్రాణవాయువు నిలుచునా? హైఫ్లో యంత్రము నిముషమునకు 60 లీటర్లు పంపుచు, అందులో 90 శాతము ప్రాణవాయువు ఉండవలెనన్నచో, గాలిలోని 21 శాతమును తీసివేయగా, సిలిండరు నుండి నిముషమునకు సుమారు 52 లీటర్లు కావలెను. ఆసుపత్రులలోని పెద్ద డి రకము సిలిండరులో సుమారు 7000 లీటర్ల వాయువు పట్టును. అది 2 గంటల 15 నిముషములలోపే తీరిపోవును. 6 గంటల పరీక్షకు చేరుటకు మూడు సిలిండర్లు, 12 గంటలకు చేరుటకు ఆరు సిలిండర్లు ఒక్క రోగికే కావలెను. చిన్నదైన బి రకము సిలిండరులో పట్టునది సుమారు 1500 లీటర్లు. ఆ వేగమున అది అరగంట కూడ రాదు. తడ నుండి పెద్ద ఆసుపత్రికి గంటకు పైబడిన దారిలో అది సగము దారినే ఖాళీ యగును. అదే రోగిని సంచి గల ముసుగుతో నిముషమునకు 15 లీటర్లపై తీసికొనిపోయినచో 100 నిముషములు వచ్చును. గాలినుండి ప్రాణవాయువును వడగట్టు కాన్సంట్రేటరు యంత్రములు సామాన్యముగా నిముషమునకు 5 లేక 10 లీటర్లు మాత్రమే ఇయ్యగలవు. వానిపై హైఫ్లో పద్ధతి పూర్తిగా నడువదు.

ముసుగుతో మరియొక చిక్కు. ముసుగు అంచులనుండి బయటి గాలి లోపలికి చేరును. కనుక రోగి పీల్చు గాలిలో ప్రాణవాయువు ఎంత భాగమో ఎవరును రూఢిగా చెప్పజాలరు. ఆ భాగము తెలియనిదే సూచిక లెక్క కట్టుటకు వీలులేదు. ఊహించి కట్టినచో అది కొలత గాక ఊహయే యగును. అనగా, సూచిక అవసరము ఎక్కడ హెచ్చో అక్కడనే దానికి కావలసిన అంకె దొరకదు.

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రిలో ద్రవ ప్రాణవాయువు ట్యాంకరు చేరుట ఆలస్యమై, గొట్టములలో ఒత్తిడి తగ్గి, 11 మంది రోగులు మరణించిరని అధికారులు ప్రకటించిరి. అంతకు కొద్ది దినముల ముందు, ఏప్రిల్ 22న, దేశములోని మొదటి ప్రాణవాయువు రైలు విశాఖ ఉక్కు కర్మాగారమున ట్యాంకర్లు నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరెను. ప్రాణవాయువును తయారు చేయు శక్తి ఈ రాష్ట్రములోనే కలదు. తయారైన చోటునుండి మంచము వరకు నడుచు దారిలోనే తెగుదల వచ్చినది. ఆ రాత్రి విఫలమైనది రోగుల ఊపిరితిత్తులు కాదు. ఏ సూచికలోను సిలిండరు ఎంతసేపు వచ్చునో, ట్యాంకరు ఎక్కడ నున్నదో చెప్పు అంకె లేదు. వైద్యశాస్త్రము రోగిని మాత్రమే కొలిచి, రోగికి వెనుకనున్న ఏర్పాటును కొలువకుండుట ఒక పెద్ద కొఱత.

తీర్పు

ఇన్ని లోపములు చెప్పినంతమాత్రమున రాక్స్ సూచికను త్రోసివేయవలెనని కాదు. దానికి తగిన స్థానమును నిర్ణయింపవలెను. ఒక్కసారి తీసిన అంకె కంటె గంట గంటకు తీసిన అంకెల వరుస మేలు. 5.2 నుండి 4.4కు, అచ్చటినుండి 3.7కు దిగుచున్న రోగి, 4.3 వద్ద నిలకడగా నున్న రోగికంటె ప్రమాదములో నున్నాడు. సూచిక తగ్గినచో దానిని నమ్మి మేలుకొనుట మంచిది. పెరిగినచో మాత్రము రోగి ముఖము చూడకుండ నమ్మరాదు. మెడ కండరములు లాగుచున్నవా, రోగి ఒక్క ఊపిరిలో పూర్తి వాక్యము పలుకగలడా, మగతగా నున్నాడా అను మూడు ప్రశ్నలకు ఏ యంత్రమును అక్కరలేదు; సూచిక చూడలేనిదానిని అవియే చూపును. అనుమానమున్నచోట ధమని రక్తములో బొగ్గుపులుసు వాయువును కొలువవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. నగరములో సూచిక గొట్టము వేయు సమయమును చెప్పును. తడ వంటి చోట అది రోగిని తరలించు సమయమును చెప్పవలెను. ఈ రెండు సమయములు ఒకటి కావు. గొట్టము వేయుటకు మత్తువైద్యుడు ప్రక్క గదిలో నున్నపుడు 3.47 వరకు వేచి చూడవచ్చును. గంటకు పైబడిన దారి ఉన్నపుడు, రోగి 4.88కు ఎగువన నుండగనే, సిలిండరు లెక్క కట్టుకొని బయలుదేరుట వివేకము. ఏ అంకె వద్ద బయలుదేరవలెనో బార్సిలోనా పరిశీలన చెప్పజాలదు. దానిని దారి పొడవు, చేతిలోని లీటర్లు నిర్ణయించును. ఈ లెక్కకు భాగహారము, హెచ్చవేత తప్ప మరేమియు అక్కరలేదు. కావలసినదెల్ల దానిని ముందుగా వేసి యుంచుట.

హైస్కూలు ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ఒక ప్రయోగముగా చేయింపవచ్చును. ఇద్దరిద్దరు విద్యార్థులను జంటగా కూర్చుండబెట్టి, ఒకరి ఊపిరిని మరొకరు 15 సెకండ్లు లెక్కించి నాలుగుచే హెచ్చవేయవలెను. తరువాత పూర్తి నిముషము లెక్కింపవలెను. లెక్కించుచున్న సంగతి తెలిసినవాని ఊపిరి మారిపోవుట కూడ అప్పుడు కనబడును. రెండు అంకెలతోను సూచికను కట్టి చూచినచో, ఒక చిన్న కొలతలోని తప్పు పెద్ద నిర్ణయములోనికి ఎట్లు ప్రవహించునో పాఠపుస్తకము కంటె స్పష్టముగా తెలియును. సూచిక వైద్యునికి సహాయకుడు. వైద్యుడు ఆ సహాయకుని మాట వినవలెను గాని, రోగి మంచమును దానికి అప్పగించి ప్రక్కకు తప్పుకొనరాదు.